ముప్పై రెండో ముసుగు

సైన్సు మాస్టారు కొట్లోకి వచ్చేసరికి టైలరమ్మ ఎవరిదో ప్యాంటుకు పాడైన జిప్పు ఊడదీస్తోంది. పెదవుల మధ్య రెండు గుండుసూదులు ఉండటంతో, కూర్చోమని చేత్తోనే సైగ చేసింది. మాస్టారు కూర్చోలేదు. చంకలో ఉన్న తెల్లటి వలగుడ్డ చుట్టను బల్ల మీద పెట్టి, ఇక ఆగలేనన్నట్టు అన్నాడు.

"డబ్బిచ్చారమ్మా! మూడోసారి అడిగితే ఇచ్చారు. రెండేళ్లుగా ఆ ట్రస్టు చుట్టూ తిరిగి నా చెప్పులు అరిగిపోయాయి."

టైలరమ్మ సూదులు తీసి దిండుకు గుచ్చింది. "దేనికిచ్చారు మాస్టారూ?"

"తేనెటీగల పాఠాలకి. నాలుగో తరగతికి, ఏడాది పొడుగునా. పుస్తకంలో బొమ్మ చూపించి చేతులు దులుపుకోవడం కాదు. బళ్లోనే నిజం తేనెపెట్టెలు పెడతాం. వాటిని పెంచే పెద్దావిడ వారం వారం వచ్చి నేర్పుతుంది. పువ్వు కాయెలా అవుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. పెట్టె దగ్గరికి వెళ్లాలంటే తలకి ముసుగులు కావాలి కదా, అందుకే నీ దగ్గరికొచ్చాను. టోపీ అంచు నుంచి భుజాల దాకా వల దిగాలి. మెడ దగ్గర ఎలాస్టిక్. పిల్లలకి ముప్పై రెండు, నాకొకటి."

ఆమె వలగుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. వెలుతురుకు ఎత్తి, వల కళ్లు ఎంత చిన్నవో చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"పిల్లలకి ముప్పై ఒకటి చాలు."

"కాదమ్మా, తరగతిలో ముప్పై ఇద్దరున్నారు."

"తెలుసు మాస్టారూ. ముప్పై రెండోది మా గువ్వ."

మాస్టారి ముఖంలో నవ్వు ఉన్నపళంగా ఆగిపోయింది. తల్లిదండ్రుల సంతకం కోసం ఇంటింటికీ పంపిన కాగితాల్లో ఒక్కటే తిరిగి రాలేదు. పిల్ల ఎక్కడో పారేసుకుని ఉంటుందిలే అనుకున్నాడు. ఒక్క సంతకం తగ్గినా తేనెపెట్టె బళ్లోకి రాకూడదనీ, ఆ డబ్బు వరుసలో ఉన్న మరో బడికి వెళ్తుందనీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు టైలరమ్మ కూడా చదివింది.

"ముసుగులు కుట్టనని కాదు" అంది ఆమె, టేపు అందుకుంటూ. "కొలతలు చెప్పండి. కుడతాను. సంతకం మాత్రం అడక్కండి."

రెండేళ్ల కిందట, గువ్వకు ఏడేళ్లప్పుడు, ఊరి పార్కులో గడ్డి మీద చెప్పుల్లేకుండా పరుగెత్తుతుంటే మడమ మీద తేనెటీగ కుట్టింది. పిల్ల ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. పది నిమిషాలకల్లా పెదవులు ఉబ్బిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. "అమ్మా, గొంతులో ఏదో అడ్డం పడింది" అన్న మాట సగం గాలిగా వచ్చింది. తండ్రి పిల్లను భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఆసుపత్రిలో డాక్టరు, "ఇంకో పది నిమిషాలు ఆలస్యమయ్యుంటే..." అని మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి ఆ మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి కాని ఆ మాటే టైలరమ్మ గుండెల్లో దిగబడిపోయింది.

అప్పటినుంచి ఇంట్లో కిటికీలన్నిటికీ వల బిగించింది. బాల్కనీలో పూలకుండీలు ఎవరికో ఇచ్చేసింది. పెన్నులా ఉండి తొడకు పొడిచే ఇంజక్షన్ ఒకటి డాక్టరు రాసిస్తే, అది కొని తన సంచీ లోపలి అరలో పెట్టుకుంది. బజారుకెళ్లినా, పక్కింటికెళ్లినా సంచీ భుజాన ఉండాల్సిందే.

ఆ సాయంత్రం భర్త పనినుంచి వచ్చి, చేతులకంటిన రంగు కిరసనాయిలుతో తుడుచుకుంటున్నాడు. ఆయన ఇళ్లకు రంగులు వేస్తాడు. గువ్వ పక్కనే పీట మీద కూర్చుని గుడ్డపీలికలు అందిస్తోంది.

"నాన్నా, తేనెటీగకి ఐదు కళ్లుంటాయి తెలుసా?"

"ఐదా! ఒక్క జత కళ్లద్దాలు సరిపోవన్నమాట."

గువ్వ కిలకిలా నవ్వింది. వంటగదిలో టైలరమ్మ గిన్నె విసురుగా పెట్టిన చప్పుడైంది. గువ్వ నవ్వు ఆపి, గొంతు తగ్గించి, "అమ్మా, ఒక్కరు సంతకం పెట్టకపోయినా పెట్టె రాదంట. అందరూ నన్నే అడుగుతున్నారు" అంది.

"అడగనీ."

భర్త మెల్లిగా కల్పించుకున్నాడు. "జాగ్రత్తగా ఉంటే ఏం కాదని డాక్టరే అన్నాడు కదా..."

"మీరు నిచ్చెన మీంచి పడితే కాలు విరుగుతుందండీ. కట్టు కడితే అతుక్కుంటుంది. దీనికి ఊపిరే ఆగిపోతుంది. ఇంక ఈ మాట నా దగ్గర ఎత్తకండి."

ఎవరూ ఎత్తలేదు. గువ్వ అయితే ఆ రోజు అన్నం కూడా మారాం చేయకుండా తినేసింది. అది టైలరమ్మకు మరింత కష్టంగా అనిపించింది.

నాలుగు రోజులకు నమూనా ముసుగు ఒకటి తయారైంది. దాన్ని చూపించడానికి బడికి వెళ్తే, మాస్టారు వరండాలోనే ఎదురొచ్చాడు. ముసుగు చేతిలోకి తీసుకున్నాడే గాని, ధ్యాస దాని మీద లేదు.

"నీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నానమ్మా. నీ కూతురు నా దగ్గరికొచ్చి, తనని తరగతిలో లేనట్టు రాసెయ్యమంది. తేనెటీగల పాఠం ఉన్నప్పుడల్లా లైబ్రరీలో కూర్చుంటుందంట. అప్పుడు ముప్పై ఒక్క సంతకాలే సరిపోతాయి కదా అని లెక్క చెప్పింది."

"మీరేమన్నారు?"

"అలా రాయడానికి నాకు చేతులాడలేదు. వీల్లేదంటే, 'ఇప్పట్నించే అలవాటు చేసుకుంటా' అని అన్నం బెల్లు కొట్టగానే వెళ్లి అక్కడే కూర్చుంటోంది."

లైబ్రరీ కిటికీ వరండాలోకే ఉంది. టైలరమ్మ అక్కడ ఆగింది. పొడుగాటి బల్ల చివర గువ్వ ఒక్కతే ఉంది. కుర్చీ ఎత్తు చాలక మోకాళ్ల మీద నిలబడి, బొమ్మల పుస్తకంలోకి వంగి ఉంది. వేలితో తేనెటీగ కాళ్లు లెక్కపెట్టి, కాగితం మీద ఒక్కో కాలూ గీస్తోంది. బయట మైదానంలో పిల్లల కేకలు వినిపించినప్పుడు ఒక్క క్షణం తలెత్తి, మళ్లీ వంచింది.

టైలరమ్మ పిల్లను పిలవలేదు. "ఈ ముసుగు సరిగ్గా ఉందో లేదో ఎవరు చెప్తారు?" అని మాస్టారిని అడిగింది.

మాస్టారు చెప్పిన తేనెటీగల పెద్దావిడ ఇల్లు ఊరి చివర ఉంది. పెరట్లో వరసగా ఎనిమిది చెక్కపెట్టెలు. ఆవిడకు డెబ్బై దాటినా నడుం వంగలేదు.

"రా అమ్మాయ్. నన్ను అన్ని బళ్లలో ఈగల అమ్మమ్మ అంటారు. తేనె అన్న మాట మింగేస్తారు వెధవలు, నేనేదో మురికిదాన్నయినట్టు" అని నవ్వింది. ముసుగు తిప్పి చూసి టైలరమ్మ చేతికే ఇచ్చేసింది. "తొడుక్కో."

"నేనా?"

"కుట్టిన నీకే దాని మీద నమ్మకం లేకపోతే పిల్లల తలకెలా తొడుగుతాం?"

టైలరమ్మ ముసుగు తొడుక్కుని, చేతులకు మందపాటి తొడుగులేసుకుని ఆవిడ వెనకే నడిచింది. ఈగల అమ్మమ్మ డబ్బాలోంచి కాస్త పొగ వదిలి, పెట్టె మూత ఎత్తింది. వేల రెక్కల చప్పుడు ఒక్కసారిగా పైకి లేచింది. ఒక తేనెటీగ సరిగ్గా ఆమె కంటికెదురుగా వల మీద వాలి నడవసాగింది. కాళ్లకంటిన పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు కూడా కనిపించాయి. ఇంతలో మెడ దగ్గర చక్కిలిగింతలా అనిపించింది. తర్వాత చెంప మీద.

"లోపలికొచ్చింది" అంది, పెదవులు కదలకుండా.

"కళ్లు మూసుకో. ఊదకు, కొట్టకు. నేనున్నాను."

ఈగల అమ్మమ్మ ఆమె భుజం పట్టుకుని పది అడుగులు పక్కకు నడిపించి, ముసుగు కింది అంచు నెమ్మదిగా ఎత్తింది. చెంప మీద ఆ చిన్న కాళ్లు ఇటు తిరిగాయి, అటు తిరిగాయి, ఎగిరిపోయాయి. టైలరమ్మ కళ్లు తెరిచి ముందుగా చూసింది ముసుగు మెడనే.

"ఎలాస్టిక్ పనికిరాదు. మెడ వెనక్కి వంచితే సందు వస్తోంది" అంది, ఆయాసపడుతూనే. "లోపల రెండో మడత పెట్టి, చంకల కిందనుంచి తాడు కట్టేలా కుట్టాలి. దేవుడా, పిల్లలకి తొడగకముందే తెలిసింది."

"భయంతో చచ్చిపోతూ కూడా కుట్టు చూస్తున్నావు చూడు" అంది ఈగల అమ్మమ్మ. మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అప్పుడు టైలరమ్మ గువ్వ సంగతంతా చెప్పింది. చెప్పేటప్పుడు, ఇదిగో ఇప్పుడు ఈవిడ కూడా నచ్చచెప్పడం మొదలుపెడుతుందనుకుంది.

"అయితే నీ కూతురు పెట్టె దగ్గరికి రాకూడదు" అంది పెద్దావిడ. "నువ్వు ఒప్పుకున్నా నేను రానివ్వను."

టైలరమ్మ ఆశ్చర్యంగా చూసింది. రెండేళ్లలో ఆమె భయం నిజమైనదేనని ఒప్పుకున్న మొదటి మనిషి ఈవిడే.

"కానీ గాజుపెట్టె వేరు. దాన్ని తరగతి గది లోపల గోడకి బిగిస్తాం. గొట్టం గోడలోంచి బయట చెట్ల వైపుకి పోతుంది. లోపలివి లోపలే, ఒక్కటీ గదిలోకి రాదు. అది ఏ పిల్లయినా చూడొచ్చు. సరే, అది తర్వాత. నాకొకటి చెప్పు. రేపు బళ్లో ఎక్కడిదో ఒక తేనెటీగ వచ్చి కుడితే ఏం చేస్తారు?"

"ఇంజక్షన్ ఉందండీ. ఎప్పుడూ నా సంచీలోనే ఉంటుంది."

"సంచీ కొట్లో ఉంటుంది. పిల్ల బళ్లో ఉంటుంది. మధ్యలో ఎంత దూరం?"

టైలరమ్మ మనసులో లెక్కేసుకుంది. నడిస్తే ఇరవై నిమిషాలు. రెండేళ్లుగా కంటికి రెప్పలా కాచుకున్నాననుకున్న పిల్లను రోజుకు ఆరేడు గంటలు ఏ అండా లేకుండా వదిలేస్తోంది. పెట్టె వచ్చినా రాకపోయినా తేనెటీగలు ఊళ్లో ఉన్నాయి. ఆ సంగతి ఎన్నడూ తట్టనే లేదు. గ్లాసు పక్కన పెట్టేసి, చేతుల్లో ముఖం దాచుకుంది. ఈగల అమ్మమ్మ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే బడికి వెళ్లి మాస్టారికి ఒకటే చెప్పింది. "సంతకం పెట్టాలంటే ముందు నేను అడిగినవి జరగాలి." మాస్టారు ట్రస్టుకు ఫోన్ చేశాడు. వారం తిరక్కుండా అక్కడి మేడమ్ ఫైలు పట్టుకుని వచ్చింది.

హెడ్మాస్టరు గదిలో నలుగురూ కూర్చున్నారు. టైలరమ్మ ఎప్పుడూ అలాంటి చోట మాట్లాడి ఎరగదు. ఒళ్లో ఉన్న సంచీ తాడును వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"బళ్లో రెండు ఇంజక్షన్లు ఉండాలి. ఎక్కడున్నాయో అందరికీ తెలియాలి. ఎలా వెయ్యాలో మాస్టార్లకే కాదు, గంట కొట్టేవాళ్ల దగ్గర్నుంచి అందరికీ ఎవరైనా నర్సు వచ్చి నేర్పాలి. మా పిల్ల బయట పెట్టె దగ్గరికి వెళ్లదు, గాజుపెట్టె మాత్రం చూస్తుంది. అంతే."

మేడమ్ కాగితాలు తిరగేసింది. "మీరడిగింది న్యాయమేనమ్మా. కానీ మంజూరైన డబ్బు దేనికది రాసేశాం. ఇంజక్షన్ల మాట ఇందులో ఎక్కడా లేదు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "బయట రెండు పెట్టెలకని ఇచ్చారు కదా. ఒకటి చాలు మాకు. రెండోదాని డబ్బు దీనికి మార్చండి."

రెండు పెట్టెల కోసం ఆయన ఎన్ని ఉత్తరాలు రాశాడో మేడమ్‌కు తెలుసు. "నిజంగానా?" అంది.

"రెండో పెట్టె వచ్చే ఏడాది అడుక్కుంటాను. అడగడం నాకు బాగా అలవాటైపోయింది."

మేడమ్ నవ్వి, ఒక వాక్యం కొట్టేసి, దాని పైన ఇంకోటి రాసింది. పై అధికారులతో తను మాట్లాడుకుంటానంది. మాట నిలబెట్టుకుంది కూడా. పది రోజులకు కొత్త కాగితం వచ్చాక టైలరమ్మ సంతకం పెట్టింది. చివరి అక్షరం గీత దాటిపోయింది.

మాస్టారిది కాక పిల్లల ముసుగులు ముప్పై ఒకటి అప్పటికే పూర్తయ్యాయి. ఆ రాత్రి భోజనాలకు ముందు ముప్పై రెండోది కుట్టడానికి కూర్చుంది. గువ్వ బయట పెట్టె దగ్గరికి వెళ్లదు, దాంతో పనే ఉండదు. అయినా తరగతి గోడకు వరసగా పిల్లల పేర్లతో కొక్కేలు కొట్టారు. ఒక కొక్కెం ఖాళీగా ఉండటం ఆమెకు ఇష్టం లేదు.

గాజుపెట్టె బిగించిన రోజు పిల్లలంతా దాని మీద విరుచుకుపడ్డారు. అందరూ ఆటలకు పోయాక గువ్వ ఒక్కతే మిగిలింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అడుగు దూరంలో నిలబడింది. ఈగల అమ్మమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని అరచెయ్యి గాజుకు ఆనించింది.

"వెచ్చగా ఉంది!" అంది గువ్వ.

"లోపల పిల్లలున్నారు మరి. వాళ్లకి చలేయకుండా తేనెటీగలన్నీ ఒంటికి ఒళ్లు ఆనించుకుని కాస్తాయి."

మాస్టారు ఈ సంగతి టైలరమ్మకు చెప్పాడు. మర్నాడు ఆమె పిల్లను దింపడానికని లోపలి దాకా వెళ్లి, ఎవరూ చూడనప్పుడు తనూ గాజు మీద చెయ్యి పెట్టి చూసింది.

ఇంజక్షన్లు రెండూ ఆఫీసు గదిలో ఎర్రడబ్బాలో పెట్టారు. నర్సు వచ్చి అందరికీ నేర్పింది. సూది లేని ఉత్తుత్తి పెన్నుతో ఒక్కొక్కరూ తమ తొడ మీదే పొడుచుకుని చూశారు. బడి ఆఫీసులో గుమాస్తాగా చేసే ఆవిడ మూడుసార్లూ పెన్ను తిరగేసి పట్టుకుంది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "నా చేతికి రాకుండా చూసుకోండి నాయనా" అని ఆవిడా నవ్వేసింది.

పాఠాలు మొదలైన మూడో నెలలో ఒక మధ్యాహ్నం గువ్వ బడి పెరటి కుళాయి దగ్గర నీళ్లు తాగబోయింది. ఎండకు దాహమేసి ఒక తేనెటీగ కుళాయి మూతికి అంటుకుని ఉంది. చూడకుండా దాని మీదే చెయ్యి వేసింది.

పిల్ల అరవలేదు. గోరుతో ముల్లు గీకేసి, నేరుగా ఆఫీసు గదికి నడిచింది. అక్కడ గుమాస్తా ఒక్కతే ఉంది. గువ్వ అరచెయ్యి చాపి, "నన్ను కుట్టింది. నాకు పడదు. ఎర్రడబ్బా తియ్యండి" అంది. అప్పటికే గొంతు బొంగురుపోతోంది.

టైలరమ్మకు కబురందేసరికి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. కొట్టు తలుపులు బార్లా వదిలేసి, కాళ్లకు చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద గుమాస్తా కూర్చుని ఉంది.

"బాగుందమ్మా, పిల్ల బాగుంది. తిరగేసి పట్టుకున్నానేమోనని రెండుసార్లు చూసుకున్నాను. సరిగ్గానే పట్టుకున్నాను..." అంటూ ఏడ్చేసింది. టైలరమ్మ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

లోపల గువ్వ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. ముఖం కాస్త ఉబ్బినా ఊపిరి సాఫీగా ఆడుతోంది. తల్లిని చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అమ్మా, నన్ను తేనెటీగల క్లాసు మానిపించవు కదా? దాని తప్పు లేదు. నేనే చూడలేదు. పాపం, కుడితే అది చచ్చిపోతుంది."

టైలరమ్మ మంచం అంచున కూర్చుని, నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. "నీకు భయమేసిందా?"

"చాలా. నీకు?"

ఎప్పుడూ భయాన్ని కోపంగా మార్చి చూపించడమే ఆమెకు తెలుసు. ఈసారి అలా చేయలేదు. "నాకూ వేసింది. ఎప్పుడూ వేస్తూనే ఉంటుంది, గువ్వా. ఇప్పుడు కూడా."

"అయితే పెట్టె తీసెయ్యమంటావా?"

టైలరమ్మ దిండు సరిచేసింది. "తీసెయ్యమనను. ఆ కుళాయి కారకుండా బాగు చేయించమంటాను. వాటికి చెట్ల దగ్గర వేరేగా నీళ్లు పెట్టమంటాను. పాపం, దాహమేస్తే ఎక్కడికి పోతాయి?"

గువ్వ తల్లి నడుం చుట్టూ చేతులు వేసి, ముఖం ఆమె కడుపులో దాచుకుంది.

ఆ ఏడాది చివర మాస్టారు నాలుగోసారి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఈసారి ఆయన చెప్పులు అరగలేదు. ట్రస్టు మేడమే ఫోన్ చేసి, ఇకమీదట ఏ బడి తేనెటీగల పాఠాలు అడిగినా, ఇంజక్షన్ ఎవరు వేస్తారని ముందుగా తాము అడుగుతామని చెప్పింది.

పెద్ద ఆసుపత్రి డాక్టరు గువ్వకు కొత్త వైద్యం మొదలుపెట్టాడు. తేనెటీగ విషాన్నే రవ్వంత, మరికాస్త, ఇంకాస్త అంటూ ఒంటికి అలవాటు చేయడం. ముందు వారం వారం, తర్వాత నెలకోసారి. మూడేళ్లు పట్టొచ్చట, ఐదైనా పట్టొచ్చట. సూది వేశాక అరగంట అక్కడే బెంచీ మీద కూర్చోవాలి. ఆ అరగంటలో టైలరమ్మ గుండీలు కుట్టుకుంటుంది, గువ్వ పక్కన ఎవరుంటే వాళ్లతో మాట్లాడుతుంది.

ఓ రోజు పక్కన కర్ర పట్టుకున్న ముసలాయన కూర్చున్నాడు. "ఏమ్మా, నీకేం జబ్బు?" అన్నాడు.

"నాకు తేనెటీగలు పడవు తాతా."

"అయ్యో! మరి వాటి జోలికి పోకు తల్లీ."

"పోకుండా ఎలా? రేపు గాజుపెట్టెలో గుడ్లు లెక్కపెట్టే వంతు నాదే. రోజుకి వెయ్యి గుడ్లు పెడుతుంది రాణి, తెలుసా?"

ముసలాయన తెల్లబోయి టైలరమ్మ వంక చూశాడు. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "నిజమేనండీ, వెయ్యి పైనే" అంది. ఆయన కర్ర పక్కన పెట్టి, చెవి పిల్ల వైపు తిప్పి, మరి అవి పువ్వుల దగ్గరికి దారెలా కనుక్కుంటాయని అడిగాడు. గువ్వ కాళ్లు బెంచీ మీదికి లాక్కుని, మొదటినుంచీ మొదలుపెట్టింది.

అరగంట అయ్యాక నర్సు వచ్చి, చెయ్యి తడిమి చూసి, ఇక వెళ్లొచ్చంది.

"ఇంకొంచెంసేపు కూర్చుంటామమ్మా" అంది టైలరమ్మ. "గువ్వ కథలో తేనెటీగ ఇంకా తోట దాకా కూడా రాలేదు."